ఎడారి తోరణాల నుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా: సందేహాలు - సమాధానాలు

సెలవులు దగ్గరపడే కొద్దీ ఉత్తరాలన్నీ ప్రయాణాల మీదికి మళ్లుతాయి. ఈసారి బరంపురం నుంచి, చుట్టుపక్కల గంజాం ఊళ్ల నుంచి వచ్చినవాటిలో చాలా వరకు రాళ్ల గురించే. పిల్లలు అమెరికా నుంచి పంపిన ఫొటోల్లో ఎర్రటి శిలాతోరణాలు చూసి కొందరు రాశారు. అలాంటివి మనవైపు లేవా అని మరికొందరు అడిగారు. రెండు రకాల ప్రశ్నలకూ ఇక్కడే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి సాల్ట్‌లేక్ సిటీలో ఉంటాడు. జులైలో మేమిద్దరం వెళ్తున్నాం. ఆర్చెస్ నేషనల్ పార్క్ అని ఎడారిలో ఉందట, అక్కడికి తీసుకెళ్తానంటున్నాడు. నాకు 67 ఏళ్లు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ బీపీ ఉంది. బరంపురం ఎండ తట్టుకున్నవాళ్లకి అక్కడి ఎండ ఒక లెక్కా అంటాడు మావాడు. వెళ్లమంటారా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, గాంధీనగర్, బరంపురం

జవాబు: తప్పకుండా వెళ్లండి. జులై మాత్రం వద్దు. సెప్టెంబరు నెలాఖరు దాకా ఉండేటట్టయితే ప్రయాణం అప్పటికి జరపమని అబ్బాయికి చెప్పండి. ఏప్రిల్, మే నెలలు కూడా బాగుంటాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ పగటి వేడి 38 డిగ్రీలు దాటడం మామూలే.

38 డిగ్రీలు మనకు కొత్తా అని మీవాడు అంటాడు. తేడా వేడిలో లేదు, గాలిలో ఉంది. మన సముద్రపు గాలికి చెమట ఒంటికి అంటుకుని కారుతుంది, చొక్కా తడుస్తుంది. కాసేపు నీడన కూర్చుందామని మనకే తోస్తుంది. ఆ పార్కు ఉన్న యూటా రాష్ట్రంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. ముఖం మీద చుక్క కనపడదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. దాహం తెలిసేసరికే తల తిరుగుతుంది. పైగా ఆ పార్కు సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైన ఉంది. మనిషికి రోజుకి సుమారు 4 లీటర్ల నీళ్లు దగ్గర పెట్టుకోమని పార్కువాళ్లే చెబుతారు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపే రకం ఉంటాయి. మీవి ఆ రకమో కాదో, నీళ్లూ ఉప్పూ ఎంత తీసుకోవచ్చో బయలుదేరకముందే మీ డాక్టరుగారిని అడగండి.

ఇక మోకాళ్ల సంగతి. ఈ పార్కు గొప్పతనం ఏమిటంటే సగం అందం కారు దిగిన చోటే దొరుకుతుంది. లోపల 29 కిలోమీటర్ల పొడవున రోడ్డు ఉంది. ఆ దారిలోనే బ్యాలన్స్‌డ్ రాక్ కనిపిస్తుంది. మొత్తం ఎత్తు 39 మీటర్లు. సన్నటి మెడలాంటి రాతి స్తంభం మీద పెద్ద బండ నిలబడి ఉంటుంది. దాని చుట్టూ తిరిగి రావడానికి అర కిలోమీటరు నడిస్తే చాలు. డబుల్ ఆర్చ్ దగ్గరికి రానుపోను కిలోమీటరు, దారి దాదాపు చదునే. ఒకే మూల నుంచి లేచిన రెండు తోరణాలవి. పెద్దదాని ఎత్తు 34 మీటర్లు. కింద నిలబడి తలెత్తితే తప్ప ఆ అంకె అర్థం కాదు.

అందరూ ఫొటో దిగే డెలికేట్ ఆర్చ్ దగ్గరికి మాత్రం రానుపోను 5 కిలోమీటర్లు నడవాలి. సుమారు 150 మీటర్ల ఎత్తు ఎక్కాలి. నున్నటి బోడిబండ మీద నడక, ఎక్కడా నీడ లేదు. అమ్మగారిని అటు తీసుకెళ్లనివ్వకండి. దానికోసమే దిగువన ఒక వీక్షణ స్థలం ఉంది. కారు ఆపిన చోటి నుంచి వంద అడుగులు వేస్తే దూరం నుంచి తోరణం కనిపిస్తుంది. మీకు ఓపిక ఉంటే తెల్లవారుజామున అబ్బాయితో కలిసి మీరు మాత్రం పైకి వెళ్లి రండి.

పార్కులో హోటళ్లు లేవు, టీ కొట్టు కూడా లేదు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లండి. సాల్ట్‌లేక్ నుంచి పార్కు పక్కనున్న మోయబ్ ఊరు 375 కిలోమీటర్ల దూరం, కారులో నాలుగు గంటలు. అదేరోజు వెళ్లి వచ్చేద్దామనుకోవద్దు. మోయబ్‌లో రాత్రి పడుకుని, సూర్యోదయానికల్లా పార్కులో ఉండి, పదిన్నరకల్లా గదికి వచ్చేయండి. మళ్లీ సాయంత్రం బయలుదేరవచ్చు. రద్దీ నెలల్లో ప్రవేశానికి ముందే సమయం బుక్ చేసుకోవాలన్న నిబంధన కొన్నేళ్లు పెట్టారు. మీరు వెళ్లే ఏడాది ఉందో లేదో పార్కు వెబ్‌సైట్లో అబ్బాయిని చూసుకోమనండి.

ప్రశ్న: సార్, ఆర్చెస్ పార్కులో 2,000కు పైగా తోరణాలు ఉన్నాయని చదివాను. అది ఎడారి కదా, వానలే పడవు. అంత రాయిని తొలిచింది గాలేనా?
- డిగ్రీ విద్యార్థి, భంజనగర్

జవాబు: గాలి పాత్ర చాలా తక్కువ బాబూ. పని చేసింది నీళ్లే. పాఠ్యపుస్తకం చదివినవాళ్లకు కూడా ఇది చప్పున నమ్మబుద్ధి కాదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. అది మళ్లీ మళ్లీ ఎండిపోయి, కొన్నిచోట్ల వేల అడుగుల మందాన ఉప్పు పేరుకుంది. దాని మీద కోట్ల ఏళ్ల పాటు ఇసుక, ఒండ్రు పడి రాయిగా మారాయి. ఉప్పుకు ఒక గుణం ఉంది. పైన బరువు పెరిగితే అది నిలకడగా ఉండదు. ఒత్తిడికి మెల్లగా పక్కలకు పాకి, బరువు తక్కువైన చోట పైకి ఉబుకుతుంది. అలా ఉబికినప్పుడు మీదనున్న ఇసుకరాయి వంగి, పొడవునా బీటలు వారింది. బీటలన్నీ ఇంచుమించు ఒకే దిక్కుగా, వరసగా పడ్డాయి.

ఇక్కడ నీళ్లు రంగంలోకి వస్తాయి. అక్కడ ఏడాదికి పడే వాన 25 సెంటీమీటర్లకు లోపే. మన గంజాంలో పడేదానిలో అయిదో వంతు అనుకో. ఆ కొద్ది నీరూ బీటల్లోకి దిగుతుంది. ఇసుక రేణువులను కలిపి ఉంచే సున్నపు పదార్థాన్ని కరిగిస్తుంది. చలికాలం రాత్రుళ్లు ఆ నీరే గడ్డకట్టి ఉబ్బి, రాయిని పక్కకు తోస్తుంది. పగలు కరిగి ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి బీటలు వెడల్పై, మధ్యలో నిలువుగా సన్నటి రాతిగోడలు మిగులుతాయి. గోడ అడుగున మెత్తటి పొర ఉంటే అది ముందు రాలుతుంది. గుంట పడుతుంది, గుంట లోతై అవతలికి కన్నం పడుతుంది. పైనుంచి పెచ్చులు రాలుతూ కన్నం తోరణమవుతుంది. ఏదో ఒక వైపు కనీసం 3 అడుగులు తెరిచి ఉంటేనే దాన్ని తోరణంగా లెక్కలో రాస్తారు.

ఇంకో సంగతి కూడా ఉంది. వాన అంత తక్కువ కాబట్టే ఆ తోరణాలు మిగిలాయి. నీరు చాలకపోతే తోరణం పుట్టదు. ఎక్కువైతే రాయంతా మట్టై కొట్టుకుపోతుంది, మీద చెట్లు మొలుస్తాయి. మన తూర్పు కనుమల్లో జరిగింది ఆ రెండోదే.

ప్రశ్న: మాస్టారూ, మా చెల్లెలు అమెరికాలో ఎర్ర రాళ్ల మధ్య తిరిగిన వీడియోలు పంపింది. పిల్లలు మనమూ వెళ్దాం అని ఒకటే గోల. అంత ఖర్చు మేం పెట్టలేం. మన గంజాంలో గానీ దగ్గర్లో గానీ అలాంటి వింత ఏదైనా ఉందా?
- ఒక గృహిణి, ఛత్రపురం

జవాబు: అమ్మా, మీరు ఛత్రపురంలో ఉండి ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషం. మీ ఊరి పేరు భూవిజ్ఞానం చదివిన ప్రతివాళ్లకీ తెలుసు.

ముందు పిల్లల్ని గోపాల్‌పూర్ తీసుకెళ్లండి. పొద్దున్నే, జనం రాకముందు. అల వెనక్కి తగ్గిన చోట ఇసుక మీద నల్లటి చారలు, వాటి పక్కన లేత గులాబీ చారలు కనిపిస్తాయి. చాలామంది మురికి అనుకుని దాటిపోతారు. చిటికెడు ఇసుక అరచేతిలో వేసి ఎండలో చూపించండి. నల్లగా మెరిసేది ఎక్కువగా ఇల్మనైట్, గులాబీ రంగుది గార్నెట్. చిన్న భూతద్దం ఉంటే గార్నెట్ రేణువులు అద్దపు పెంకుల్లా కనిపిస్తాయి. ఇవి మామూలు ఇసుక కంటే బరువు కాబట్టి అల తేలికైన ఇసుకను లాక్కుపోయి వీటిని ఒడ్డునే వదిలేస్తుంది. మీ ఊళ్లోని ఐఆర్ఈఎల్ కర్మాగారం 1980ల నుంచి వేరుచేస్తున్నది ఈ ఖనిజాలనే. చూసి అక్కడే వదిలేయమని చెప్పండి. ఈ తీరపు ఇసుకలో రేడియోధార్మిక థోరియం ఉన్న మోనజైట్ కూడా ఉంటుంది. అందుకని ఇంటికి మూటకట్టి తేవద్దు.

ఆ గార్నెట్ ఎక్కడిది? మన తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాయిలోది. ఈ కొండల్లో తరతరాలుగా బతుకుతున్న కోంధు జనం పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని ఆ రాయికి ఆ పేరు పెట్టాడు. కోణార్క గుడి కట్టింది చాలా వరకు ఆ రాయితోనే. ఒకప్పుడు అది సముద్రం అడుగున బురద, ఇసుక. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారి గార్నెట్, సిల్లిమనైట్ నిండిన గట్టి రాయైంది. తర్వాత వానలు దాన్ని కరిగించి, ఋషికుల్య లాంటి నదులు మోసుకొచ్చి తీరాన పోశాయి. కొండ మీది రాయి, ఏటి ఇసుక, బీచి మీది గులాబీ చార అన్నీ ఒకే వంశం.

ఆ వంశం మరోచోట ఎడారిలాంటి రూపమెత్తింది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు అవే. మంచుయుగంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి కొండ వాలుల దగ్గర పోసింది. ఖోండలైట్ నుంచి వచ్చిన ఖనిజాల్లోని ఇనుము గాలికీ నీటికీ తుప్పు పట్టి ప్రతి రేణువుకూ ఎర్రటి పూత వేసింది. తర్వాతి వానలు ఆ దిబ్బలను నిలువుగా కోసి, గోడల్లాంటి అంచులు, వంకర తిరిగే సందులు చేశాయి. సందులోకి దిగితే రెండు పక్కలా మనిషిని మించిన ఎర్రటి గోడలు, మీద చారెడు ఆకాశం. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కువచోట్ల లేవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది.

బరంపురంలో రైలెక్కితే నాలుగు నాలుగున్నర గంటల్లో విశాఖ. రాత్రి బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో దిగి, పొద్దున్నే భీమిలి వెళ్లే బీచ్‌రోడ్డు పట్టుకోండి. దారిలో తొట్లకొండ బౌద్ధారామం ఉంది. దానికి ఎదురుగా మంగమారిపేట తీరంలో సముద్రం తొలిచిన చిన్న శిలాతోరణం ఉంది. అది చూడాలంటే ఆటు సమయం కావాలి. ఊళ్లో జాలరివాళ్లను అడిగితే ఏ వేళకు రమ్మంటారో చెబుతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. దిబ్బల అంచుల మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి, వాలు మీంచి జారనివ్వకండి. అది రాయి కాదు. సగం గట్టిపడిన ఇసుక. ఒక్క కాలు పడితే వేల ఏళ్ల అంచు విరిగి పడుతుంది, కింద ఉన్నవాళ్ల మీద పడినా పడుతుంది. సినిమా షూటింగులు, మట్టి తవ్వకాలు, చుట్టూ లేచిన కట్టడాలు ఇప్పటికే దానికి చేయాల్సిన చెరుపు చేశాయి. వానాకాలంలో వెళ్లకండి. ఆ రోజుల్లో సందుల్లోకి ఒక్కసారిగా నీరొస్తుంది.

ప్రశ్న: ఏటా తిరుపతి వెళ్తాం. శిలాతోరణం అని బోర్డు చూశాం, ఎప్పుడూ ఆగలేదు. చూడదగినదేనా?
- ఒక వ్యాపారి, ఆస్కా

జవాబు: ఈసారి తప్పకుండా ఆగండి. శ్రీవారి ఆలయానికి ఉత్తరాన కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం పక్కన ఉంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. యూటాలో ఉన్నవి ఇసుకరాయి తోరణాలు. ఇది క్వార్ట్‌జైట్. అంటే ఇసుకరాయి ఇంకా గట్టిపడి మారిన రూపం. అంత గట్టి రాయిలో తోరణం పడటం చాలా అరుదు. అందులో శంఖచక్రాలను, స్వామి అభయహస్తాన్ని చూసుకునే భక్తులున్నారు. ఆ నమ్మకంతో చూసినా, రాయిగా చూసినా దాని ముందు పావుగంట నిలబడటం వృథా కాదు.

ఘాట్ రోడ్డులో కిటికీ పక్కన కూర్చోండి. కొండ నిలువునా కోసినట్టున్న చోట కింద గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య గీతలాంటి హద్దులో కోట్ల ఏళ్ల భూచరిత్ర ఆనవాలే లేకుండా పోయింది. అక్కడ ముందున్న నేల అరిగిపోయాక, చాలా కాలానికి కొత్త ఇసుక వచ్చి పడింది. దాన్ని కూడా జాతీయ భూవారసత్వంగా గుర్తించారు. పూరీ-తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లే మనవాళ్లలో ఎంతమంది ఆ హద్దు దాటి దర్శనానికి వెళ్తారో, వాళ్లలో ఎంత కొద్దిమందికి ఆ సంగతి తెలుసో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: అన్నా, మే నెల సెలవుల్లో స్నేహితులం కలిసి గండికోట వెళ్దామనుకుంటున్నాం. టెంటు వేసుకుని లోయ అంచున పడుకోవచ్చా?
- ఒక యువకుడు, పాత బరంపురం

జవాబు: మేలో వద్దు తమ్ముడూ. కడప జిల్లాలో అప్పుడు 42 డిగ్రీలు మామూలు మాట, బండ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసిన ఆ లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. చీకటి పడ్డాక అంచు దగ్గర తిరగడం, సెల్ఫీ కోసం చివరి బండ ఎక్కడం రెండూ ప్రాణాల మీదికి తెస్తాయి. పడక అంచుకు దూరంగా, అనుమతి ఉన్న చోటే వేసుకోండి. పర్యాటక శాఖ హోటల్ కూడా అక్కడే ఉంది. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఇంకో రోజు మిగిలితే బెలూం గుహలకు వెళ్లండి. 3,229 మీటర్ల పొడవైన సున్నపురాయి గుహలవి. లోపల ఉక్క ఎక్కువ, నీళ్లసీసా ఉండాలి.

ప్రశ్న: ఒడిశాలో అసలు శిలాతోరణమే లేదా?
- పేరు రాయని పాఠకుడు, బరంపురం

జవాబు: ఉంది. సుందర్‌గఢ్ జిల్లా కనికా అటవీ ప్రాంతంలో. అడుగున సుమారు 30 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తు. యూటా తోరణాల రాయిలాగే అదీ జురాసిక్ కాలపు ఇసుకరాయి. దానికి భూవారసత్వ హోదా ఇవ్వాలని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2021లో ప్రతిపాదించింది. గంజాం నుంచి దూరమే. అటు సంబల్‌పూర్ వైపు పని పడితే కలుపుకోండి, అటవీ శాఖను ముందు అడిగి వెళ్లండి.

ప్రశ్న: విహారయాత్రకు తీసుకెళ్తే పిల్లలు బండల మీద పేర్లు చెక్కుతున్నారు. తిట్టినా మానరు. ఏం చెప్పాలి?
- ఒక ఉపాధ్యాయిని, పురుషోత్తంపూర్

జవాబు: మీ ఊరి పక్కనే జౌగడ ఉంది కదమ్మా, ముందు అక్కడికి తీసుకెళ్లండి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనం ఇవాళ్టికీ ఆ బండ మీద ఉంది. కళింగ యుద్ధం గురించి చెప్పే 13వ శాసనాన్ని ఇక్కడ చెక్కించలేదు. దానికి బదులు, కళింగ ప్రజలకోసం వేరే రాయించిన రెండు శాసనాలు ఉన్నాయి. ప్రజలంతా తన బిడ్డల్లాంటివాళ్లని, వాళ్లను అన్యాయంగా బంధించి బాధించవద్దని అధికారులకు చెప్పిన మాటలవి. ఆ అక్షరాల్లో కొంత భాగం పెచ్చులూడి పోయింది. పోయినచోట ఏముందో చదవలేక పండితులు ఎంత తంటాలు పడ్డారో పిల్లలకు చెప్పండి. మన పేరు గీసే చోట కింద ఏముందో మనకు తెలియదని వాళ్లకే తడుతుంది.

అమెరికా పార్కుల్లో రాయి మీద గీత గీయడం నేరం. ఆర్చెస్‌లో 2006లో ఒక పర్వతారోహకుడు డెలికేట్ ఆర్చ్ ఎక్కాక, పేరున్న తోరణాలేవీ ఎక్కకూడదని నిబంధన కఠినం చేశారు. అక్కడ దారి వదిలి ఇసుకలో అడుగు వేయవద్దని కూడా అంటారు. నల్లగా, గరుకుగా కనిపించే ఆ నేలపొర సూక్ష్మజీవులు, నాచు అల్లుకుని ఏర్పడినది. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: అక్కడి తోరణాలు కూలిపోతున్నాయని విన్నాను. వచ్చే ఏడాది మా అమ్మాయి దగ్గరికి వెళ్లేసరికి ఉంటాయా? కింద నిలబడటం ప్రమాదమా?
- బ్యాంకు ఉద్యోగి, గేట్ బజార్, బరంపురం

జవాబు: కూలడం నిజమే. 2008 ఆగస్టు 4 రాత్రి వాల్ ఆర్చ్ అనే తోరణం ఎవరూ లేని వేళ కూలిపోయింది. పార్కులో పెద్దవాటిలో అదొకటి. అంతకుముందు 1991 సెప్టెంబరు 1న ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ అడుగు నుంచి 60 అడుగుల పొడవైన పలక ఊడిపడింది. ఆ సమయంలో కింద యాత్రికులున్నారు. ముందు చిటపటమని చప్పుడు వినిపించింది. అది విని తప్పుకున్నారు కాబట్టి బతికారు. సుమారు 90 మీటర్ల పొడవైన ఆ తోరణం ఒకచోట 2 మీటర్ల మందం కూడా లేదు.

అయినా 2,000కు పైగా ఉన్నవాటిలో మీరు చూడాలనుకున్నది ఆ ఏడాదే పడిపోతుందన్న భయం అక్కర్లేదు. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ కిందికి వెళ్లే దారిని ఆ సంఘటన తర్వాత మూసేశారు, ఎదురుగా దారి మీద నిలబడి చూడాలి. రానుపోను 3 కిలోమీటర్లు, కంకర పరిచిన దారి. ఉదయం వెలుతురు దాని మీద పడుతుంది కాబట్టి తొమ్మిదిలోపు చేరండి. కంచె వేసిన చోట కంచె ఇవతలే ఉండండి. మిగిలిన తోరణాల కింద ఫొటో దిగినంతసేపు ఉండి పక్కకు రండి, భోజనం కోసం అక్కడ చాప పరచవద్దు. వాన పడిన మర్నాడు, మంచు కరిగే రోజుల్లో పెచ్చులు రాలడం ఎక్కువ. అప్పుడు ఏ దారి మూశారో లోపలికి వెళ్లేముందు ప్రవేశద్వారం దగ్గరి కేంద్రంలో అడిగితే సిబ్బంది చెబుతారు.